మెషీన్ ఆపని తుకారాం

తుకారాం అన్న మా కోల్డ్ స్టోరేజీకి మొదటిసారి వచ్చిన రోజు, కంప్యూటర్ ఏ గదిలో ఉందని ఎవర్నీ అడగలేదు. వరండాలో నిలబడి కాసేపు చెవి పెట్టి విన్నాడు. తర్వాత నేరుగా మెట్ల కింద ఉన్న చిన్న గది దగ్గరికి పోయి తలుపు మీద అరచెయ్యి ఆనించాడు.

"గిండ్లనే ఉన్నది. పాపం, దీనికి ఉక్కపోస్తున్నది," అన్నాడు.

తలుపు తీసి చూస్తే నిజమే. మెషీన్ వెనక ఫ్యానుకు ఎవరో గోనెసంచి అడ్డం పెట్టారు. దుమ్ము పడకూడదని పెట్టింది నేనే. ఆ సంగతి ఇవాళ్టి వరకు ఆయనకు చెప్పలేదు.

ఆర్మూర్ నుంచి అంకాపూర్ పోయే దారిలో ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో నేను విత్తనాల ల్యాబ్ చూస్తాను. తడి కాగితం మీద వంద ఎర్రజొన్న గింజలు పేర్చి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో చెప్పడం నా పని. బాటనీలో ఎమ్మెస్సీ చేసింది దీనికేనా అని మా ఆవిడ స్నేహ అప్పుడప్పుడు నవ్వుతుంది. ఇంట్లో తొమ్మిది నెలల మా పాప సాహితి ఉంది. పాప విషయంలో నా పద్ధతి కూడా ల్యాబ్ పద్ధతే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టెంపరేచర్ చూసి నోట్‌బుక్‌లో రాస్తాను. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెడతాను. ఆ వేలికే పాప లేస్తుంది. తర్వాత గంటసేపు స్నేహ నాతో మాట్లాడదు.

ఈ సంగతి తెలిసిన రోజు తుకారాం అన్న అడిగాడు. "తమ్మీ, బిడ్డ ఆడుకుంటున్నదా?"

"ఆడుకుంటుంది అన్నా."

"నవ్వుతున్నదా?"

"మస్తు నవ్వుతుంది."

"మరి గా థర్మామీటర్ నువ్వు నోట్లె పెట్టుకో. జ్వరం నీకున్నది."

ఆయన మాటలు ఇట్లాగే ఉంటాయి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వయసు నలభై ఆరు. జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక దువ్వెన. జుట్టు సగం పోయినా దువ్వెన మాత్రం వదల్లేదు.

ఆయనది ఆర్మూర్ పక్కనే ఉన్న పెర్కిట్. తల్లి పోచవ్వ బీడీలు చుట్టి పెంచింది. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫ్రిజ్‌లు, ఏసీల పని నేర్చుకున్నాడు. ఇరవై ఏడేళ్లప్పుడు దోహా విమానం ఎక్కాడు. అక్కడ ఒక పెద్ద ఆఫీసు నేలమాళిగలో వందల సర్వర్లు వరుసలుగా నిలబెట్టిన హాలు ఉంది. ఆ హాలును చల్లగా ఉంచడం ఆయన డ్యూటీ. సర్వర్లను ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పారట. ముట్టుకోలేదు. కానీ రోజుకు పన్నెండు గంటలు వాటి మధ్యనే తిరిగేవాడు కాబట్టి వాటి తీరు ఆయనకు తెలిసిపోయింది.

నెలకోసారి కంప్యూటర్ల వాళ్లు వచ్చి మెషీన్లను ఆపి, రిపేర్ ప్రోగ్రాములు ఎక్కించి, మళ్లీ నడిపేవాళ్లు. ఆపిన వరుసలో వేడి తగ్గేది. ఏసీ మీద భారం తగ్గి దాని చప్పుడు మారేది. గోడకు ఇవతల కూర్చుని, ఏ వరుస ఆగిందో ఆయన చెప్పగలిగేవాడు. ఒకరోజు వాళ్లు వచ్చారు, రెండు గంటలు పని చేశారు, పోతున్నారు. ఏసీ చప్పుడు మాత్రం మారలేదు. ఆయనకు అనుమానం వచ్చి, వాళ్లకు పెద్దయిన మలయాళీ మేడమ్‌ను ఆపాడు.

"మేడమ్, ఇయ్యాల మెషీన్లు బంద్ చేసుడు మర్సిపోయిండ్రా?" అని తన హిందీలో అడిగాడు.

"మరిచిపోలేదు. ఆపకుండానే చేశాం. నీకెట్లా తెలుసు?"

"చలి మారలే."

ఆ జవాబుకు మేడమ్ తన బ్యాగు కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుందట. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా దాని లోపలి ప్రోగ్రామును ఎట్లా మారుస్తారో ఆ రోజు మొదటి పాఠం చెప్పింది. తర్వాత ఆరేళ్లు చెబుతూనే ఉంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చింది. ఏసీ మెకానిక్ తుకారాం చివరి నాలుగేళ్లు అదే హాలులో సర్వర్లను ముట్టుకునే మనిషిగా పని చేశాడు.

రెండేళ్ల కింద ఊరికి వచ్చేశాడు. కారణం అడిగితే ఒకటే చెప్తాడు. కూతురు రుచిత పదో తరగతి పరీక్షలకు హాల్‌టికెట్ ఫారం నింపుతూ తండ్రి సంతకం గడి దగ్గర ఆగి, వీడియో కాల్‌లో "నాయినా, నీ సంతకం ఎట్ల ఉంటది? నేనెన్నడు సూడలే," అని అడిగిందట. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చాడు.

కానీ ఆర్మూర్‌లో సర్వర్లు ఎన్ని ఉంటాయి? ఒక రైస్ మిల్లు, రెండు ప్రైవేటు స్కూళ్లు, మా కోల్డ్ స్టోరేజీ. మిగతా రోజుల్లో ఏసీలు కడిగేవాడు. ఇల్లు గడవడం కష్టమైంది. మొన్న జనవరిలో దోహా నుంచి పాత మేనేజర్ ఫోన్ చేశాడు. వీసా సిద్ధంగా ఉంది, శుక్రవారం సాయంత్రం లోపల వస్తావో రావో చెప్పు అన్నాడు.  ఆయన భార్య తారాబాయి సూట్‌కేసును అటక మీద నుంచి దించి, తుడిచి, మళ్లీ అటక మీదే పెట్టిందట.

అదే శుక్రవారం గడువుకు మా దగ్గర కూడా ఒక పని వచ్చి పడింది.

మా కోల్డ్ స్టోరేజీ యజమాని దత్తాత్రి సేఠ్. పసుపు కమిషన్ వ్యాపారం చేసే కుటుంబం. ఆయనకు ఇట్లాంటి గోదాములు మూడున్నాయి. మూడింటికీ పెద్దదైన మా దాంట్లో ఒకే మెషీన్ అన్ని పనులూ చేస్తుంది. చల్లటి గదుల ఫ్యాన్లు అదే నడుపుతుంది, గేటు దగ్గర కాంటా తూకాన్ని అదే చదువుతుంది, ఆ తూకాన్ని రైతు ఫోనుకు మెసేజ్‌గా అదే పంపుతుంది. ఇన్ని పనులు ఒకదానికే ఎందుకు అప్పజెప్పారని తుకారాం అన్న అడిగితే, "ఒక్క కరెంటు బిల్లు వస్తదని," అన్నాడు సేఠ్.

ఆ మెషీన్‌ను ఆపాలంటే సేఠ్‌కు భయం. పోయిన జూలైలో అంతకుముందు చూసే టెక్నీషియన్ ఏదో అప్‌డేట్ కోసం దాన్ని ఆపి నడిపించాడు. తొమ్మిది గంటలు అది లేవలేదు. మూడో గదిలో బయటి గాలి ఫ్యాన్లు అప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో అదే స్థితిలో తిరుగుతూ వానాకాలం తేమనంతా లోపలికి లాగాయి. ఆ గదిలో విత్తనాలు అంతకుముందు నూటికి తొంభై రెండు మొలిచేవి. ఆ తేమ గింజల్లో నిలిచిపోయి, రెండు నెలల తర్వాత నేను కాగితం మీద పెడితే అరవై నాలుగు. ఆ కాగితాన్ని సేఠ్‌కు చూపించడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు.

రెండు వారాల కింద ఆ మెషీన్ కెర్నెల్‌లో ఒక కంత ఉందని తెలిసింది. మెషీన్‌లో అన్నిటికన్నా అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ పని పంచేదాన్ని కెర్నెల్ అంటారు. ఆ కంత గుండా బయటివాళ్లు ఇంటర్నెట్ మీద లోపలికి దూరవచ్చు. తుకారాం అన్న వెంటనే ఇంటర్నెట్ వైరు పీకించేశాడు. అప్పటి నుంచి తూకం మెసేజ్‌లు బంద్. ఇప్పుడు కొత్త పసుపు సీజన్ మొదలు. శుక్రవారం పన్నెండు గంటల పది నిమిషాలకు ముహూర్తం. మొదటి సంచి కాంటా ఎక్కాలి, ఆ తూకం రైతు ఫోనుకు పోవాలి. అప్పటికి వైరు పెట్టాలి. వైరు పెట్టాలంటే కంత మూసి ఉండాలి.

సేఠ్ మేనల్లుడు గజేందర్‌కు హైదరాబాద్‌లో కంప్యూటర్ల కంపెనీ ఉంది. పాతదాన్ని ఆపేసి కొత్త మెషీన్ పెడదామని అతని సలహా. నాలుగు గంటల పని అన్నాడు. ఆపడం అనే మాట వినగానే సేఠ్ ముఖం మారింది.

"తుకారాం, నువ్వేమంటవ్? ఆపకుండ అయితదా?"

"అయితది సేఠ్. ఇంట్ల గిసొంటి మెషీనే పెట్టి నాలుగు దినాలు చేసి సూసిన."

"అదెట్ల అయితదయ్యా, నడిచేదాన్ని?"

తుకారాం అన్న అప్పుడు చెప్పిన మాట నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "సేఠ్, పెండ్లిల బంతి భోజనం నడుస్తున్నది. కూరల ఉప్పు ఎక్కువైందని తెలిసింది. తినేటోళ్లను లేపుతమా? లేపం. వెనక కొత్త కూర వండిపెడ్తం. తినేటోళ్లు తింటరు. ఎవరు లేచి చెయ్యి కడుక్కొని మల్ల కూసుంటే, ఆల్లకు కొత్త గిన్నెల నుంచి వడ్డిస్తం. అందరు తలా ఒక్కసారి లేచి వచ్చినంక పాత గిన్నె తీసేస్తం. పెండ్లి ఆగలే, ఎవరు ఆకలితోని పోలే."

సేఠ్ కాసేపు ఆలోచించి తేల్చేశాడు. "సరే. శుక్రవారం ముహూర్తం లోపల, ఆపకుండ చేస్తే, మూడు గోదాముల పని ఏడాదికి నీదే, కాగితం రాసిస్త. కాలేదంటే గజేందర్ పెట్టె దించుతడు. గప్పుడు నువ్వు నారాజ్ కావొద్దు."

బయటికి వచ్చాక అన్న నాతో, "మూడు గోదాములంటే నేను ఈడనే ఉండొచ్చు తమ్మీ," అన్నాడు. 

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే గేటు దగ్గర హడావిడి. కాంటాను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. హమాలీల మేస్త్రి రాజన్న కొత్త తువ్వాల తలకు చుట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా మొదటి సంచి ఆయన భుజం మీదే వస్తుంది. పూజ చేసిన కాంటా మీద ముహూర్తం కన్నా ముందు సంచి కాదు కదా, చేతి సంచి కూడా పెట్టనివ్వడు. పోయిన ఏడాది ఒక డ్రైవర్ టిఫిన్ డబ్బా పెట్టబోతే, ఆ డబ్బా రోడ్డు అవతల దొరికింది.

మెట్ల కింది గదిలో మేం ముగ్గురం. తుకారాం అన్న కీబోర్డు దగ్గర, వెనక నేను, తలుపు దగ్గర సేఠ్. ఆయన మోకాలికి ఆపరేషన్ అయి నాలుగు నెలలు అయింది కాబట్టి కుర్చీ వేశాం. గజేందర్ ఇంకా రాలేదు. అంకాపూర్‌లో నాటుకోడికి ఆర్డర్ ఇచ్చి, అది ఉడికేదాకా ఆగామని ఫోన్ చేశాడు.

"మంచిదే," అన్నాడు తుకారాం అన్న. "కోడి జర ముదురుది దొరకాలె."

నేను ల్యాబ్ నుంచి మూడు థర్మామీటర్లు తెచ్చి మూడు గదుల్లో వేలాడదీశాను. ఐదు నిమిషాలకోసారి పరుగెత్తి చూసి వస్తున్నాను. నాలుగోసారికి అన్న తల తిప్పకుండానే, "సాహితి గిట్ల లోపల పండుకున్నదా ఏంది?" అన్నాడు. సేఠ్ కడుపు ఊగేలా నవ్వాడు.

పదింటికి అన్న ఆ కంతను మూసే ప్యాచ్ ఎక్కించాడు. నేనేదో పెద్ద చప్పుడో, మెరుపో వస్తుందని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. ఫ్యాన్ల హోరు అట్లాగే ఉంది. తెర మీద ఒక అంకె తగ్గుతూ పోయింది. ఇంకా పాత కూర తింటున్న ప్రోగ్రాముల సంఖ్య అది. రెండు వందల పన్నెండు. నలభై. ఆరు. ఒకటి.

ఒకటి దగ్గర ఆగింది.

ఐదు నిమిషాలు చూశాం. ఒకటే.

"నిద్రపోయేటోళ్లను గంటె తీస్కొని కెర్నెలే లేపుతది," అన్నాడు అన్న. "పదిహేను సెకండ్లకొకసారి భుజం తడ్తది. అయినా లేస్తలేడంటే..." ఏదో టైపు చేసి చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. జేబులోంచి దువ్వెన తీశాడు, దువ్వుకోకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"కాంటా," అన్నాడు.

కాంటా తూకం చదివే ప్రోగ్రామది. కాంటా మీద ఏదైనా బరువు పడి, కదలకుండా నిలబడే దాకా అది కెర్నెల్ లోపల నిద్రపోతూ ఎదురుచూస్తుంది. ఎప్పుడో ఎవరో రాసిన పాత ప్రోగ్రాము. భుజం తట్టినా, పేరు పెట్టి పిలిచినా లేవకుండా రాశారు. బరువు పడితేనే లేస్తుంది. రెండు రోజులుగా కాంటా పూజ కోసం ఖాళీగా ఉంది. అందుకే ఆ ప్రోగ్రాము రెండు రోజులుగా విస్తరి ముందే నిద్రపోతోంది.

"నా తప్పే," అన్నాడు అన్న. "ఇంట్ల చేసినప్పుడు అన్ని పెట్టిన, కాంటా పెట్టలే. ఇంట్ల కాంటా యాడున్నది?"

సరిగ్గా అప్పుడే గజేందర్ వచ్చాడు. చలువ కళ్లద్దాలు, చేతిలో నాటుకోడి పార్సిల్. వెనక ఇద్దరు కుర్రాళ్లు కొత్త మెషీన్ పెట్టె మోసుకొచ్చి వరండాలో దించారు. విషయం విని, "ఒక్కటే కదా మిగిలింది? ఫోర్స్ కొట్టేయండి," అన్నాడు.

"ఫోర్స్ అంటే ఏంది?" అన్నాడు సేఠ్.

"బలవంతంగా అయిందనిపించే మీట మామా. అది కొడితే అయిపోయినట్టే చూపిస్తుంది."

"ఉన్నది సేఠ్, గా మీట ఉన్నది," అన్నాడు తుకారాం అన్న. "గని గది కొడితే, తినుకుంట తినుకుంట ఉన్నోని ముందరికెల్లి విస్తరి గుంజినట్టు. ఏం కాకపోవచ్చు. మెషీన్ పడిపోనువచ్చు. తర్వాత ఈ ప్యాచ్ తీసుడు గూడ కుదరది."

"పోనీ వదిలేయండి. రెండు వందల పదకొండు అయ్యాయి. అయిందని చెప్పి వైరు పెట్టండి. ఎవరికి తెలుస్తుంది?"

తుకారాం అన్న అతని వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "బాబూ, బయట లైనుతోని మాట్లాడి తూకం పంపేది గదే. కంత తెరిచి ఉన్నది గా ఒక్కదాని దగ్గర్నే. దాన్ని ఇడిసిపెట్టి అయిందంటే, నేను అబద్ధం చెప్పినట్టు. అబద్ధం చెప్పి ఏడాది కాగితం నాకొద్దు."

 సేఠ్ కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. పదకొండు దాటింది.

గజేందర్ కాంటా వైరు పీకుదామన్నాడు. ఆ వైరు ముడి దగ్గర తూనికలు కొలతల వాళ్లు వేసిన సీసం సీలు ఉంది. దాన్ని తెంపితే సీజన్ మొత్తం కాంటా బంద్. వైరు పీకితే ప్రోగ్రాము ఇంకా ఎన్నటికీ లేవదు కూడా.

ఇంక ఒకటే దారి. కాంటా మీద ఏదైనా పెట్టాలి. అందరం గేటు దగ్గరికి నడిచాం. రాజన్న మా ముఖాలు చూడగానే విషయం అర్థం చేసుకున్నట్టు కాంటాకు అడ్డంగా నిలబడ్డాడు.

"పన్నెండు పదికి," అన్నాడు. "ఒక్క నిమిషం ముందర గూడ పెట్టనియ్య."

"రాజన్న, నేను చెప్తున్న," అన్నాడు సేఠ్.

"నువ్వు సేఠ్‌వు, నువ్వు చెప్తవ్. మొదటి తూకం పసుపుదే. మీ నాయిన గూడ గట్లనే నడిపిండు. ఇయ్యాల నువ్వు ఇంకేందో ఎక్కించి, ఏడాదంత తూకాల్ల తేడా వస్తే హమాలీలు నా ముఖం మీద ఊంచుతరు."

సేఠ్ గొంతు పెంచబోయాడు. తుకారాం అన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దు సేఠ్. ఆయన కాంటా ఆయనకు నా మెషీన్ లెక్కనే." తర్వాత రాజన్న పక్కన ఎర్రటి అరుగు మీద కూర్చున్నాడు.  నాకైతే వాచీ చూసుకోవడం తప్ప ఏం చేయాలో తోచడం లేదు.

"అన్నా," అన్నాడు తుకారాం, "నీ ముప్పై ఏండ్లల్ల ఈ కాంటా మీద సరుకు గాకుండ ఎన్నడన్న ఏమన్న ఎక్కిందా?"

రాజన్న చుట్ట నోట్లో అటూ ఇటూ తిప్పాడు. "ఎక్కింది. జాతర ఉన్న ఏడాది మనుషులు ఎక్కుతరు."

"సమ్మక్క బంగారానికా?"

"ఔ. మొక్కుకున్నోళ్లు ఎత్తు బంగారం తూపించుకుంటరు గద. మనిషెంత బరువో గంత బెల్లం తల్లికి. గది సరుకు తూకం గాదు, మొక్కు తూకం."

"పూజ కాంటా మీద గూడ ఎక్కుతరా?"

రాజన్న ఆలోచించాడు. "తల్లి పని గద. తల్లికి ముహూర్తమేంది?" అని, తాను ఏమన్నాడో తనకే అర్థమైనట్టు చుట్ట నోట్లోంచి తీశాడు. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతర ఈ ఏడాదే.

"ఎవరికన్న మొక్కు ఉన్నదా?" అని తుకారాం అన్న అందరి వైపూ చూశాడు. నేను సాహితి కోసం ఇప్పటికిప్పుడు మొక్కుకోవడానికి సిద్ధపడ్డాను. నాకు అట్లాంటి నమ్మకాలు పెద్దగా లేవు, అయినా నోరు తెరిచాను. ఇంతలో రాజన్న ముఖంలో నవ్వు మొదలైంది. మెల్లగా సేఠ్ వైపు తిరిగాడు.

"ఒకరికి ఉన్నది."

"రాజన్నా," అన్నాడు సేఠ్ హెచ్చరిస్తున్నట్టు.

"మోకాలు ఆపరేషన్ మంచిగైతే ఎత్తు బంగారం ఇస్త అని దవాఖానల మొక్కిండు. నేను పక్కనే ఉన్న. నాలుగు నెలలైంది. ఎప్పుడు తూపించుకుంటవ్ సేఠ్ అంటే, ఇంక జర తగ్గినంక అంటడు."

"షుగర్ తగ్గినంక అన్న!"

"షుగర్ అనలే. పొట్ట అన్నవ్."

అరుగు మీద ఉన్న హమాలీలంతా ఒక్కసారి నవ్వారు. గజేందర్ కూడా కళ్లద్దాలు తీసి నవ్వాడు. సేఠ్ మాత్రం ఎర్రబడ్డాడు. ఇంతమంది ముందు తూకం ఎక్కాలంటే ఆయనకు నామోషీ. కాసేపు దండ వేసిన కాంటా వైపు చూశాడు, కాసేపు తుకారాం అన్న వైపు చూశాడు.  అన్న ఆయన్ను ఎక్కమని అడగలేదు.

"అంకె ఎవరు సూడొద్దు," అన్నాడు చివరికి సేఠ్, చెప్పులు విడుస్తూ.

తుకారాం అన్న అప్పటికే లోపలికి పరుగెత్తాడు. నేను మధ్యలో, వరండాలో నిలబడ్డాను. ఇటు కాంటా కనిపిస్తుంది, అటు తెర కనిపిస్తుంది. రాజన్న కాంటాకు దండం పెట్టి, సమ్మక్క తల్లి పేరు తలుచుకుని, సేఠ్‌ను చెయ్యి పట్టి ఎక్కించాడు.

"ఎక్కిండా తమ్మీ? ఈడ ఇంక ఒకటే ఉన్నది!" లోపల్నుంచి అన్న.

"ఎక్కాడు అన్నా!"

కాంటా అంకెలు నిలబడటం లేదు. సేఠ్‌కు మోకాలి మీద నమ్మకం లేక అటూ ఇటూ ఊగుతున్నాడు. తొంభై ఎనిమిది, నూట నాలుగు, తొంభై తొమ్మిది.

"సేఠ్, కదలకున్రి!" అరిచాను.

"నేను కదుల్త లేనయ్యా, కాంటానే కదులుతున్నది!"

"మాట్లాడితే గూడ కదుల్తది," అన్నాడు రాజన్న. "నోరు మూసుకో సేఠ్, నీకు దండం పెడ్త."

ఆర్మూర్ మార్కెట్లో దత్తాత్రి సేఠ్‌ను నోరు మూసుకోమన్న మొదటి మనిషి రాజన్నే అయి ఉంటాడు. సేఠ్ ఆశ్చర్యంతో బిగుసుకుపోయాడు. ఊపిరి కూడా పీల్చలేదు. అంకె నిలబడింది. నూట రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. కాంటా కుయ్‌మంది.

నేను తెర వైపు తిరిగాను. సున్నా.

"సున్నా అన్నా! సున్నా!"

అన్న వెంటనే లేవలేదు. తెరను పైనుంచి కిందికి మళ్లీ ఒకసారి చదివాడు. మూడు గదుల ఫ్యాన్లు ఒక్కొక్కటి చూశాడు. నేను పరుగెత్తి మూడు థర్మామీటర్లూ చూసి వచ్చాను. ఒక్క గదిలో కూడా పావు డిగ్రీ మారలేదు. అప్పుడు ఆయన ఇంటర్నెట్ వైరు చేతిలోకి తీసుకుని, అంగీ కొసతో దాని మూతి తుడిచి పెట్టాడు. టైము పదకొండు యాభై రెండు.

పన్నెండు పదికి రాజన్న మొదటి సంచి మోసుకొచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు. తూకం పడింది. గేటు బయట నిలబడ్డ సిరికొండ రైతు దేవిదాస్ ఫోను జేబులో మోగింది. ఆయన మెసేజ్ చదవకుండానే, "వచ్చింది, వచ్చింది," అని అందరికీ ఫోను చూపించాడు.

సేఠ్ కాగితం ఆ మధ్యాహ్నమే రాసిచ్చాడు. మూడు గోదాములు, ఏడాది. సంతకం పెడుతూ, "నూట రెండు అని ఎక్కడన్న రాసిందా మెషీన్ల?" అని అడిగాడు.

"రాసింది సేఠ్."

"తీసెయ్యరాదు?"

"మెషీన్ ఆపితే తీయొచ్చు," అన్నాడు తుకారాం అన్న. సేఠ్ సంతకం పూర్తి చేశాడు. గజేందర్ పెట్టె తెరవకుండానే కారులో ఎక్కించాడు. పోయే ముందు తుకారాం అన్న నంబరు తీసుకున్నాడు. నాటుకోడి పార్సిల్ మాకు వదిలిపోయాడు. కోడి నిజంగానే ముదురుదే.

నాలుగింటికి అన్న వరండాలో నిలబడి దోహాకు ఫోన్ చేశాడు. "నహీ సాబ్. ఇధరీచ్ కామ్ మిల్ గయా," అంటూ ఇక్కడే పని దొరికిందని చెప్పాడు. అవతల మేనేజర్ ఏం పని అని అడిగినట్టున్నాడు. అన్న గేటు వైపు చూసి, "భగవాన్ కా కామ్ హై, కాంటే కా," అని నవ్వాడు.

ఆ ఫోను పెట్టీ పెట్టకముందే రుచిత ఫోన్ వచ్చింది. గట్టిగా మాట్లాడుతోంది కాబట్టి నాకూ వినిపించింది.

"నాయినా, ఇగ పోవు గద?"

"పోను బిడ్డా."

"మల్ల ఆల్లు పిలిస్తె?"

"కాగితం అయింది. పోను."

 "గట్లయితే రేపు పొద్దుగాల పదింటికి మా కాలేజీకి రా. పేరెంట్స్ మీటింగ్ ఉన్నది. నువ్వు ఏసీల పని మీద పోతవ్, ఎప్పుడు అమ్మనే వస్తది. మా మ్యాథ్స్ సార్ నిన్ను అడుగుతుండు," అంది.

"నన్నెందుకు అడుగుతుండు?"

"నాకు మార్కులు తక్కువొచ్చినయి నాయినా."

ఫోను పెట్టాక ఆయన నా వైపు తిరిగాడు. పొద్దున కాంటా దగ్గర అంత నిబ్బరంగా కూర్చున్న మనిషి ముఖంలో చెమట. జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాడు.

"తమ్మీ, గా మీటింగుల ఏమడుగుతరు? ఏమని చెప్పాలె? ఏ అంగీ ఏస్కొని పోవాలె?"

"నాకేం తెలుసు అన్నా? మా పాపకు ఇంకా తొమ్మిది నెలలే."

"నువ్వు సదువుకున్నోనివి గద. జర నాతోని రారాదు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లాం. ఆయన మొదటి బెంచీలో కూర్చుని, సార్ చెప్పిన ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. పక్కన కూర్చున్న రుచిత తలవంచుకుని, "నాయినా, రాయకు, అందరు సూస్తున్నరు," అని గుసగుసలాడింది.

"సూడని," అన్నాడు ఆయన, రాస్తూనే.